విహంగాన్వేషి సలీం అలీ

మన ప్రాచీన కవులు పక్షులను విరివిగా వర్ణించారు. చకోరాలు వెన్నెలను ఆరగిస్తాయని, చాతకాలు మబ్బునుండి రాలే చినుకులకోసమే నోళ్ళు తెరుచుకొని ఉంటాయని, హంసలు పాలను నీటినుండి వేరుచేస్తాయని చెప్పారు. వీటిని కవిసమయాలు అంటారు. వీటిని కవి తన కంటితో చూసి చెప్పలేదు. పూర్వకవులు చెప్పగా విని చెప్పాడు. అయితే కవులందరూ అన్నివేళలా అలాగే చేశారనలేము. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విల్లిపుత్తూరు పొలాలను వర్ణిస్తూ, కాలువలలో రెక్కల నడుమ తలలు దాచుకొని నిద్రించే బాతులను చిత్రించాడు. వేకువనే స్నానాలకు వచ్చిన విప్రులు పిండి మరచిపోయిన వస్త్రాలనుకొని తలారులు వాటిని తీయబోతారు. అవి లేచి పరుగెత్తుతాయి. బాతు నిద్రించే తీరును దగ్గరగా నిలబడి చూసినవాడే ఆ పద్యం రాయగలడు.

అలా నిలబడి చూడడమే జీవితకాలపు వృత్తిగా చేసుకొన్న మహనీయుడు సలీం అలీ. భారతదేశపు పక్షులను గురించి ఈనాడు మనకు తెలిసిన విషయాలలో అధికభాగం ఆయన కాలినడకన తిరిగి సంపాదించి పెట్టినదే. ఆయన తెలుగువాడు కాడు. అయినా ఆయన చేపట్టిన సంస్థాన పక్షిసర్వేలలో మొదటిది మన తెలంగాణ అడవులు కలిసివున్న హైదరాబాదు రాజ్యంలో జరిగింది. తొంభయ్యో ఏట ఆయనను ఉత్సాహపరచిన వార్త కడప జిల్లాలోని ఒక పల్లెనుండి వెళ్ళింది.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించాడు. తల్లిదండ్రులకు చివరి సంతానం. ఏడాది బిడ్డగా ఉన్నప్పుడు తండ్రి, మూడేళ్ళు నిండేసరికి తల్లి మరణించారు. సంతానం లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను చేరదీసి పెంచారు. మేనమామకు వేటపై మక్కువ. ఆ ఇంట్లో పెరిగే పిల్లవాడి చేతికి ఒక చిన్న గాలితుపాకి రావడంలో వింత లేదు. ఇంటిచుట్టూ తిరిగే పిచ్చుకలను కొట్టడం అతని కాలక్షేపం. పెద్దయ్యాక పేరుమోసిన వేటగాడు కావాలన్నదే అప్పటి కోరిక.

సుమారు పదేళ్ళ వయసులో అతడు కొట్టిన పిచ్చుక ఒకటి మిగిలినవాటిలా లేదు. దాని గొంతుమీద పసుపు పూసినట్లు ఒక మచ్చ ఉంది. ఇదేమి పిచ్చుక అని మేనమామను అడిగాడు. ఆయనకు తెలియలేదు. తెలియదని ఊరుకోకుండా, తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డుకు ఒక ఉత్తరం రాసి పిల్లవాణ్ణి అక్కడికి పంపాడు. 1883లో నెలకొన్న ఆ సంఘం కార్యాలయంలోకి చచ్చిన పిచ్చుకను పొట్లం కట్టుకొని బెదురుతూ అడుగుపెట్టిన బాలుణ్ణి మిల్లార్డు విసుక్కోలేదు. అది పసుపుగొంతు పిచ్చుక అని చెప్పాడు. సొరుగులు ఒక్కొక్కటే లాగి, దూది కూరి భద్రపరచిన రకరకాల పిచ్చుకలను చూపించాడు. చదువుకోవడానికి పుస్తకాలిచ్చాడు, పక్షి చర్మాన్ని ఒలిచి నిలవచేసే పద్ధతిని నేర్పించే ఏర్పాటు చేశాడు. మేనమామ, మిల్లార్డు ఇద్దరిలో ఏ ఒక్కరు ఆ ప్రశ్నను తోసిపుచ్చినా కథ మరొకలా ఉండేది.

బడి చదువు మాత్రం అంతగా సాగలేదు. తీవ్రమైన తలనొప్పులు తరచుగా బాధించేవి. 1913లో మెట్రిక్యులేషన్ ఎలాగో గట్టెక్కింది. మరుసటి ఏడు బర్మాలోని తవాయికి వెళ్ళి, గనులు, కలప వ్యాపారం చేస్తున్న బంధువులకు తోడుగా నిలిచాడు. అక్కడి అడవులు పక్షులను చూడడానికి పనికివచ్చినంతగా వ్యాపారానికి పనికిరాలేదు. 1917లో బొంబాయికి తిరిగివచ్చి ఒకవైపు వాణిజ్యవిద్య, మరొకవైపు సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రం అభ్యసించాడు. 1918 డిసెంబరులో తెహ్మీనా బేగంతో వివాహమయింది. మళ్ళీ బర్మాకు వెళ్ళినా వ్యాపారం నిలదొక్కుకోలేదు.

విశ్వవిద్యాలయ పట్టా లేకపోవడం ఆయనను చాలాకాలం వెంటాడింది. పక్షిశాస్త్రజ్ఞుడి ఉద్యోగానికి ప్రయత్నించగా పట్టా లేదన్న కారణంతో అది దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు ప్రకృతి విభాగాన్ని వివరించే కొలువు దొరికింది. చేస్తున్న పనికి తన చదువు చాలదని గ్రహించి, సెలవు పెట్టి, బెర్లిన్ వెళ్ళాడు. అక్కడి జంతుశాస్త్ర మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే గొప్ప పండితుని వద్ద శిష్యరికం చేశాడు. పరాయి పాలనలోని దేశంనుండి వచ్చిన యువకుణ్ణి ఆ గురువు ఆదరించిన తీరును సలీం అలీ కడదాకా మరువలేదు. చదువు ముగించి 1930లో ఇల్లు చేరేసరికి, డబ్బు లేదన్న కారణంతో మ్యూజియంవారు ఆ ఉద్యోగాన్నే ఎత్తివేశారు.

కొలువు లేదు, ఆదాయం లేదు. బొంబాయికి సముద్రం ఆవల ఉన్న కీహిమ్ అనే పల్లెలో భార్య తరఫువారి ఇంటికి దంపతులు మకాం మార్చారు. ఆ ఇంటి పరిసరాలలో గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతున్నాయి. పనిలేని ఆ వానకాలమంతా ఆయన వాటిని గమనిస్తూ గడిపాడు. గిజిగాని గూటిని మెచ్చుకోని తెలుగువాడు ఉండడు. కాని ఆ గూటి వెనుకనున్న సంసారం గుట్టు మనకు తెలియదు. గూళ్ళు అల్లేది మగపక్షి. సగం అల్లిన గూటికి ఆడపక్షి వచ్చి, లోపలికి దూరి, పరీక్షించి, నచ్చితేనే అందులో కాపురముంటుంది. ఆమె గుడ్లు పెట్టగానే మగపక్షి మరొక గూడు మొదలుపెట్టి మరొక ఆడపక్షిని ఆహ్వానిస్తుంది. ఈ విషయాలను వివరిస్తూ ఆయన ప్రకటించిన వ్యాసం విదేశీ పండితుల దృష్టిని కూడా ఆకర్షించింది. ఉద్యోగం ఊడకపోతే ఆ వ్యాసం పుట్టేది కాదేమో!

ఇక హైదరాబాదు సంగతి. ఆనాటికి పక్షులపై జరిగిన పరిశోధనలో ఎక్కువభాగం బ్రిటిష్ అధికారులు తమ ఏలుబడిలోని జిల్లాలలో చేసినదే. స్వదేశ సంస్థానాల అడవులు చాలావరకు ఎవరూ తొంగిచూడని చీకటిగదులుగా ఉండిపోయాయి. సలీం అలీ ఒక ఉపాయం ఆలోచించాడు. తనకు జీతం అక్కరలేదు. శిబిరానికి, ప్రయాణానికి అయ్యే ఖర్చులను సంస్థానం భరిస్తే చాలు, అక్కడి పక్షులన్నిటినీ వెదికి వివరాలు రాసి ఇస్తాను అన్నది ఆయన ప్రతిపాదన. నిజాం ప్రభుత్వం అంగీకరించింది. దాదాపు 82 వేల చదరపు మైళ్ళ రాజ్యం అది. గోదావరి పరీవాహకంలోని మన ఓరుగల్లు ప్రాంతపు అడవులూ, కృష్ణ ఒడ్డున నల్లమల కొండలూ, పడమట మరాఠ్వాడా మెట్టభూములూ అందులోనివే. 1931లో సర్వే ప్రారంభమై మరుసటి ఏటివరకు సాగింది.

ఆయన మజిలీలలో అమ్రాబాదు పీఠభూమి ముఖ్యమైనది. ఇప్పుడు హైదరాబాదునుండి శ్రీశైలానికి వెళ్ళే యాత్రికులు మన్ననూరు దాటి, ఫరహాబాదు మీదుగా బస్సులో రెండు మూడు గంటలలో ఆ అడవిని దాటిపోతారు. ఫరహ్ అంటే ఉల్లాసం. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన ఆ చల్లని చోటికి నిజాం కాలంలో వేటవిడిదిగా పేరుండేది. చుట్టూ టేకు, నల్లమద్ది, వెదురు, లోయలలో పులులు, ఎలుగుబంట్లు, అక్కడక్కడ చెంచుపెంటలు. తేనెపట్టు ఏ కొండచరియలో ఉందో, ఏ వాగులో వేసవిలో కూడా చెమ్మ ఆరదో చెంచులకే తెలుసు. నేటి యువకులు వీపున సంచి తగిలించుకొని సరదాకు చేసే కొండనడకను సలీం అలీ నెలల తరబడి నిత్యకృత్యంగా చేశాడు. తెల్లవారకముందే బయలుదేరాలి. పక్షులు ఎక్కువగా పలికేది, మేతకు కదిలేది ఆ వేళలోనే. ఎండ ముదిరేసరికి శిబిరానికి చేరి, తెచ్చిన పక్షులను ఒక్కొక్కదాన్ని కొలవాలి. రెక్క ఎంత, ముక్కు ఎంత, తోక ఎంత. కడుపులో ఉన్నవి పురుగులా గింజలా. సంతానకాలం వచ్చిందా లేదా. తరువాత చర్మం ఒలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టాలి. చీటీమీద తేదీ, స్థలం రాయకపోతే ఆ పక్షి ప్రాణం వృథాగా పోయినట్లే లెక్క.

ఈ కష్టమంతటిలో తెహ్మీనా ఆయన వెంట ఉన్నది. నగర సౌఖ్యాలలో పెరిగిన ఆ ఇల్లాలు అడవి శిబిరానికే ఇల్లాలయింది. వంట, సామాను, పనివాళ్ళు, మకాం మార్పులు మొదలైన వ్యవహారాలు ఆమె చూసుకోబట్టే ఆయన చూపు చెట్టుకొమ్మలపైనుండి కిందికి దిగవలసిన అవసరం కలగలేదు. సర్వే నివేదిక మీద ఆమె పేరు లేదు. ఆ నివేదికను సొసైటీ పత్రిక 1933, 1934 సంవత్సరాలలో భాగాలుగా ప్రచురించింది. పక్షుల జాతి నిర్ణయంపై టిప్పణులు రాసినవాడు ఇంగ్లండులోని హ్యూ విజ్లర్. వారి స్నేహం ఎలా మొదలయిందో చెప్పుకోవాలి. తోక చివర రెండు పొడవాటి తీగెల వంటి ఈకలుండే ఏట్రింత జాతిని గూర్చి విజ్లర్ రాసినదానిలో ఒక పొరపాటును, పేరు తెలియని ఈ భారతీయుడు పత్రికాముఖంగా ఎత్తిచూపాడు. విజ్లర్‌కు మొదట కోపం వచ్చి పరుషంగానే ఉత్తరాలు రాశాడు. తరువాత తనవద్దనున్న నమూనాలను మళ్ళీ పరీక్షించి, తప్పు తనదేనని ఒప్పుకొన్నాడు. అప్పటినుండి ఇద్దరూ ప్రాణమిత్రులు.

ఈ తుపాకి సంగతి చదివి విద్యార్థులు నొచ్చుకోవడం సహజం. పక్షులను ప్రేమించినవాడు పక్షులను చంపడమేమిటి? క్రౌంచమిథునంలో ఒకదానిని బోయవాడు కొట్టగా వాల్మీకి శోకం శ్లోకమయిందని వింటూ పెరిగినవాళ్ళం. సలీం అలీ మాత్రం ఈ విషయంలో ఏనాడూ క్షమాపణ చెప్పుకోలేదు. మంచి దుర్భిణులు, కెమెరాలు అందుబాటులో లేని ఆ రోజులలో చేతికి దొరికిన పక్షినిగాని కచ్చితంగా గుర్తించడం సాధ్యం కాదు. లెక్క తెలియనిదే రక్షణ లేదని ఆయన నమ్మకం. వినోదానికి చేసే వేట వేరు, జ్ఞానానికి తీసుకొనే నమూనా వేరు అన్నాడు. ఈ వాదం నన్ను పూర్తిగా ఒప్పించదు. కాని ఆయన నివేదిక లేకుంటే నల్లమలలో 1931లో ఏ పక్షులుండేవో నేడు పోల్చిచూసుకోవడానికి ఆధారం ఉండేది కాదన్నది కాదనలేని సత్యం.

ఇటువంటి వైరుద్ధ్యం ఆయన ఒక్కడిదే కాదు. అమెరికాకు చెందిన కార్ల్ ఎక్లీ 1921లో ఆఫ్రికాఖండం నడుమనున్న విరుంగా అగ్నిపర్వతాలు ఎక్కి, న్యూయార్కు మ్యూజియం కోసం కొండగొరిల్లాలను కాల్చాడు. చచ్చిన గొరిల్లా ముఖాన్ని దగ్గరగా చూశాక అతనికి తన పని మీద తనకే రోత పుట్టింది. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న బెల్జియం రాజు ఆల్బర్టుకు నచ్చజెప్పాడు. ఫలితంగా 1925లో ఆ పర్వతాల మీద ఆఫ్రికాలో మొట్టమొదటి జాతీయోద్యానాలలో ఒకటి వెలసింది. మరుసటి ఏడు అక్కడికే తిరిగివెళ్ళిన ఎక్లీ, మికెనో పర్వతం వాలుమీద జబ్బుపడి మరణించాడు. అక్కడే సమాధి అయ్యాడు. నేడు ఆ పర్వతశ్రేణిలో వెదురు పొదలు దాటుకొంటూ, కొండలెక్కి గొరిల్లాలను చూసివచ్చే యాత్రికులు తుపాకి లేకుండా వెళుతున్నారు.

హైదరాబాదు తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్. ఆపైన మరికొన్ని సంస్థానాలు. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం తెహ్మీనా మరణించింది. ఆ దంపతులకు పిల్లలు లేరు. సలీం అలీ చెల్లాచెదురైన మనసుతో అక్క, బావ ఉన్న ఇంటికి చేరాడు. మళ్ళీ పెండ్లి చేసుకోలేదు.

1941లో ఆయన రచించిన భారతీయ పక్షుల గ్రంథం వెలువడింది. పండితులకోసం కాదు, సామాన్యులకోసం రాసిన పుస్తకమది. పక్షి పరిమాణాన్ని అంగుళాలలో చెబితే ఎవరికి గుర్తుంటుంది? అందుకని పిచ్చుకంత, పికిలిపిట్టంత, గోరింకంత, కాకంత, గద్దంత అని అందరికీ తెలిసిన పక్షులతోనే పోల్చి చెప్పాడు. గణపతిదేవుని కాలంనాటి మా పాకాల చెరువుగట్టు మీద ఆ పుస్తకం చేతబట్టుకొని నిలబడిన వాడెవడైనా, ఎదుటి పిట్ట పేరును అరగంటలో కనుక్కోగలడు. నేను కనుక్కొన్నాను. బోధనారీతి అంటే ఏమిటో, వ్యాకరణం చెప్పే నావంటివాడు కూడా ఆ పుస్తకం చూసి నేర్చుకోవలసినదే.

1945లో ఆయన కైలాస మానససరోవర యాత్ర చేశాడు. మనుచరిత్రలో ప్రవరునికి పాదలేపం ఉన్నది గనుక క్షణంలో హిమాలయం చేరాడు. ఈయనకు ఉన్నవి తన కాళ్ళు మాత్రమే. వయసు నలభైతొమ్మిదికి దగ్గరపడుతున్నది. భక్తులు దర్శనానికి వెళ్ళే దారిలో ఆయన పక్షులను చూస్తూ వెళ్ళాడు. పత్రికలో రాసిన వ్యాసంలో దానిని కూడా తీర్థయాత్రగానే పేర్కొన్నాడు. హంసలు మానససరోవరానికి పోతాయని మన కవులు చెప్పిన మాటకు అక్కడొక ఆధారం లేకపోలేదు. తలమీద రెండు నల్లని చారలుండే బాతుజాతి పక్షి ఒకటి టిబెట్టు సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలంలో హిమాలయాల మీదుగా ఎగిరి మన చెరువులకు దిగుతుంది. ఎండలు ముదరకముందే తిరుగుప్రయాణం కడుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆర్థికంగా కుంగిపోతున్న సొసైటీని నిలబెట్టడానికి ఆయన ప్రధాని నెహ్రూ సహాయం కోరి సాధించాడు. భరత్‌పూర్ చిత్తడినేలను కాపాడడంలో, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ఆనకట్ట ముంపునుండి తప్పించడంలో ఆయన మాటకు విలువ దక్కింది. మన మెట్టపొలాలలో తిరిగే బట్టమేక పిట్టను జాతీయపక్షిగా ప్రకటించాలని వాదించాడు గాని, 1963లో ఆ గౌరవం నెమలిని వరించింది. నెమలికి లోటేమీ లేదు. బట్టమేక మాత్రం అప్పటినుండి ఇప్పటికి ఎంతో తరిగిపోయింది. అమెరికన్ శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలిసి రచించిన పది సంపుటాల మహాగ్రంథం 1968నుండి 1974వరకు వెలువడింది. ప్రభుత్వం 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలిచ్చింది. 1985లో రాజ్యసభకు నామినేట్ చేసింది. 1976లో లభించిన ఒక అంతర్జాతీయ బహుమానపు సొమ్మును ఆయన ప్రకృతి పరిరక్షణ నిధికి మూలధనంగా సమర్పించాడు.

ఇక కలివికోడి కథ. కడప, అనంతపురం ప్రాంతాలలోను, గోదావరి లోయలో భద్రాచలం దగ్గరలోను పంతొమ్మిదో శతాబ్దంలో కొందరు ఆంగ్లేయులు ఒక చిన్న నేలపక్షిని చూశారు. జెర్డాన్ అనే వైద్యుడు మొదట కనుగొన్నందున శాస్త్రజ్ఞులు దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు. 1900 తరువాత అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిందని చాలామంది నిర్ధారించుకొన్నారు. సలీం అలీ ఆశ వదలలేదు. సొసైటీ పంపిన బృందాలు 1975 ప్రాంతంలో వెదికి రిక్తహస్తాలతో తిరిగివచ్చాయి.

ఎనభైలలో భరత్ భూషణ్ అనే యువశాస్త్రజ్ఞుడు పక్షి బొమ్మను చేతబట్టుకొని పల్లెపల్లె తిరిగి గ్రామస్థులను అడిగాడు. పొదలలో తిరిగే ఆ పిట్టను తాము ఎరుగుదుమని, కలివికోడి అంటామని లంకమల కొండల చుట్టుపక్కలవారు చెప్పారు. 1986 జనవరిలో సిద్ధవటం సమీపాన రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుతురులో దానిని ప్రాణంతో పట్టుకొన్నాడు. అంతవరకు పండితులంతా వెదికినది పగటిపూట. ఆ పక్షి సంచరించేది రాత్రిపూట! ఎనభైఆరేళ్ళుగా లేదనుకొన్న జీవి అక్కడివారికి ఎన్నడూ లేకుండా పోలేదు. వారిని అడిగినవాడే లేకపోయాడు.

వార్త తెలియగానే, తొంభయ్యో ఏట నడుస్తున్న సలీం అలీ బొంబాయినుండి ఆ పక్షికోసం బయలుదేరాడు. దురదృష్టవశాత్తు ఆ కలివికోడి నిర్బంధంలో బ్రతకలేదు. కాని అది బ్రతికివున్న జాతి అని ఋజువు కావడంతో దాని నివాసభూమిని కాపాడే ప్రయత్నాలు ఊపందుకొన్నాయి. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాతి సంవత్సరాలలో తెలుగుగంగ కాలువ మార్గాన్ని కూడా ఆ పక్షికోసం మార్చవలసివచ్చింది.

అభయారణ్యాన్ని చూడడానికి సలీం అలీ లేడు. 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశాడు. రెడ్డిపల్లిలో దొరికిన కలివికోడిని దూది కూరి, కాలికి చీటీ కట్టి, సొసైటీ సేకరణలో భద్రపరచారు. ఎనభై సంవత్సరాల క్రితం పసుపుగొంతు పిచ్చుకను పట్టుకువెళ్ళిన పిల్లవాడికి మిల్లార్డు సొరుగులు లాగి చూపించినది ఆ సేకరణనే.